రసాయన గాయాలకు నష్టపరిహారం: అపోహలు - వాస్తవాలు

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో కార్మికుల పరిహార కేసులు చూసే న్యాయవాదిగా ఈ నాలుగు మాటలు రాస్తున్నాను. పైడిభీమవరం మందుల కంపెనీల్లో ఘాటైన ఆవిరి పీల్చి ఊపిరితిత్తులు దెబ్బతిన్నవారు, బొబ్బిలి, గరివిడి ప్రాంతాల ఫెర్రో అల్లాయ్స్ (ఇనుముతో మాంగనీస్ వంటివి కలిపిన మిశ్రలోహాలు) కొలిమిల దగ్గర ఏళ్ల తరబడి పనిచేసి చేతులు వణుకుతున్నవారు, పలాసలో జీడి తొక్క నుంచి కారే నూనెకు వేళ్లు కాలినవారు, వీరిలో చాలామంది తమకు ఏమీ రాదని ముందే నిశ్చయించుకుని, చేతిలో కాగితం ముక్క కూడా లేని దశలో న్యాయవాది దగ్గరకు వస్తారు. వారిని అంతవరకు ఆపినవి ఎవరో చెప్పగా విని నమ్మిన మాటలే.

అపోహ: కంపెనీ నిర్లక్ష్యం నిరూపిస్తేనే పరిహారం వస్తుంది.

వాస్తవం: 1923 నాటి ఉద్యోగుల పరిహార చట్టం యజమాని తప్పు గురించి కార్మికుణ్ణి అడగదు. పనిలో ఉండగా, ఆ పని కారణంగా ప్రమాదం జరిగి శరీరానికి హాని కలిగిందని చూపిస్తే చాలు. ‘మాస్కు ఇచ్చాం, అతడే పెట్టుకోలేదు’ అనే వాదన దాదాపు ప్రతి కేసులోనూ వినిపిస్తుంది. మరణం సంభవించినా, శాశ్వతంగా పూర్తి వైకల్యం కలిగినా ఆ వాదన చట్టం ముందు నిలవదు. తక్కిన గాయాల విషయంలో కూడా కార్మికుడు కావాలనే ఆదేశాన్ని ధిక్కరించాడని చూపించవలసిన భారం యజమానిదే. 2025 నవంబర్ 21న సామాజిక భద్రత కోడ్ అమలులోకి వచ్చాక ఈ పరిహార నియమాలు ఆ కోడ్‌లోని ఏడవ అధ్యాయంలో చేరాయి. సెక్షన్ల సంఖ్యలు మారాయి గాని, తప్పుతో నిమిత్తం లేని బాధ్యత అనే మూలసూత్రం అలాగే ఉంది.

అయితే నిరూపించవలసినవి లేకపోలేదు. ఆ రోజు ఆ చోట పనిలో ఉన్నామని, ఫలానా రసాయనం తగిలిందని, ఈ జబ్బు దానివల్లే వచ్చిందని మూడింటినీ చూపించాలి. కేసులు ఎక్కువగా దెబ్బతినేది మూడవదాని దగ్గర, అదీ మొదటి రెండు మూడు రోజుల కాగితాల వల్ల. నైట్ షిఫ్టులో రియాక్టర్ (రసాయనాలు కలిపే పెద్ద పాత్ర) మ్యాన్‌హోల్ తెరిచి ద్రావకం పోస్తుండగా స్పృహ తప్పిన కార్మికుణ్ణి కంపెనీ వాహనంలోనే విశాఖపట్నంలోని ప్రైవేటు ఆసుపత్రికి తీసుకెళతారు. వెంట వెళ్లిన సూపర్‌వైజర్ ‘కళ్లు తిరిగి పడిపోయాడు’ అంటాడు, డాక్టరు అదే రాసుకుంటాడు. డిశ్చార్జి సమ్మరీలో రసాయనం పేరు ఉండదు, కంపెనీ పేరు ఉండదు, మెడికో లీగల్ కేసుగా (పోలీసులకు తెలియజేయవలసిన కేసుగా) నమోదు ఉండదు. ఏడాది తర్వాత ఆయాసంతో మెట్లెక్కలేని మనిషి ఆ కాగితం పట్టుకుని వస్తే, అందులోని ఆ ఒక్క వాక్యమే యజమాని తరఫు న్యాయవాదికి ఆయుధమవుతుంది.

అందుచేత స్పృహలో ఉన్నవారెవరైనా, కార్మికుడు గాని ఇంటివారు గాని, ఏ బ్లాకులో, ఏ పని చేస్తుండగా, ఏ రసాయనం తగిలిందో డాక్టరుకు స్వయంగా చెప్పి కేసు షీటులో రాయించాలి. ఆ రసాయనం వల్ల కలిగే ప్రమాదాలు, జాగ్రత్తలు రాసిన సేఫ్టీ డేటా షీటు కంపెనీలో ఉంటుంది. పనిలోని ప్రమాదాలను కార్మికులకు తెలియజేయడం, రసాయనాల మధ్య పనిచేసేవారి ఆరోగ్య రికార్డులు ఉంచి వారికి అందుబాటులో పెట్టడం 2025 నవంబర్ వరకు ఫ్యాక్టరీల చట్టం 41-బి, 41-సి సెక్షన్లు యజమాని మీద పెట్టిన బాధ్యతలు; ఇప్పుడు అవి వృత్తి భద్రత, ఆరోగ్యం, పని పరిస్థితుల కోడ్‌లో ఉన్నాయి. డేటా షీటునూ ఆరోగ్య రికార్డునూ రాతపూర్వకంగా అడగండి. నైట్రిక్ ఆమ్లం వాడే నైట్రేషన్ ప్రక్రియల్లో వెలువడే నైట్రోజన్ ఆక్సైడ్ల వంటి వాయువులు పీల్చినవారు ఆ పూట బాగానే ఉండి, ఇంటికి వెళ్లాక, ఒక్కోసారి ఒక రోజు గడిచాక ఊపిరితిత్తుల్లో నీరు చేరి ప్రాణాపాయంలో పడవచ్చు. ‘షిఫ్టు ముగించుకుని తన కాళ్ల మీద నడిచి వెళ్లాడు కదా’ అన్న ప్రశ్నకు వైద్యశాస్త్రమే ఇచ్చే జవాబు ఇది. ఆ రాత్రి ఎన్ని గంటలకు ఊపిరాడలేదో, ఏ ఆసుపత్రికి తీసుకెళ్లారో అదంతా అప్పుడే రాసిపెట్టుకోవాలి.

అపోహ: నేను కాంట్రాక్టరు మనిషిని, కంపెనీకి నాతో సంబంధం లేదు.

వాస్తవం: కాంట్రాక్టరు ద్వారా పెట్టిన పని కంపెనీ వ్యాపారంలో భాగమైతే, పరిహారం చెల్లించవలసిన బాధ్యత అసలు యజమాని అయిన కంపెనీది. చెల్లించాక కాంట్రాక్టరు నుంచి రాబట్టుకోవడం కంపెనీ చూసుకోవలసిన విషయం. నియామక పత్రం లేదని కూడా భయపడనవసరం లేదు. పీఎఫ్ పాస్‌బుక్, గేట్ పాస్, కంపెనీ బస్సు పాస్, షిఫ్టు కేటాయిస్తూ వచ్చిన వాట్సాప్ సందేశాలు, తోటి కార్మికుల సాక్ష్యం, ఇవన్నీ పనికి వస్తాయి.

అపోహ: డబ్బు తీసుకుని సంతకం పెట్టేశాం, ఇక అడగడానికి లేదు.

వాస్తవం: నాకు ఎక్కువ బాధ కలిగించేది ఈ అపోహే. కర్మకాండ కూడా ముగియకముందే ఊరి పెద్దల సమక్షంలో రెండు మూడు లక్షలు చేతిలో పెట్టి, ‘ఇకమీదట ఎలాంటి క్లెయిమూ లేదు’ అని రాసిన స్టాంపు కాగితం మీద వితంతువు చేత వేలిముద్ర వేయిస్తారు. చట్టం ప్రకారం మరణ పరిహారాన్ని ఈ కేసులు తేల్చే పరిహార కమిషనరు (కొత్త కోడ్‌లో ‘కాంపిటెంట్ అథారిటీ’) దగ్గరే జమ చేయాలి. నేరుగా కుటుంబానికి ఇచ్చిన సొమ్మును చట్టం పరిహారం చెల్లింపుగా గుర్తించదు. పరిహార హక్కును వదులుకుంటున్నట్టు రాయించుకున్న ఒప్పందం చెల్లదు. గాయాల విషయంలో కుదిరిన రాజీ కూడా కమిషనరు దగ్గర నమోదు కావాలి, మొత్తం సరిపోదనిపిస్తే నమోదు నిరాకరించే అధికారం ఆయనకు ఉంది.

ఆ రెండు మూడు లక్షలు ఎంత తక్కువో లెక్కతో చూడండి. 2020 జనవరి 3 నుంచి పాత చట్టం కింద నెల జీతాన్ని గరిష్ఠంగా 15,000 రూపాయలుగా తీసుకున్నారు. 2023లో ముప్పై ఏళ్ల కార్మికుడు మరణించాడనుకుందాం. జీతంలో సగం, అంటే 7,500ను ఆ వయసుకు చట్టం నిర్ణయించిన గుణకం 207.98తో గుణిస్తే 15,59,850 రూపాయలు వస్తుంది. శాశ్వత పూర్తి వైకల్యమైతే జీతంలో 60 శాతం లెక్కన 18,71,820 రూపాయలు. ఊపిరితిత్తులు దెబ్బతిని సంపాదన శక్తి 30 శాతం తగ్గిందని అర్హుడైన డాక్టరు తేలిస్తే అందులో 30 శాతం, అంటే 5,61,546 రూపాయలు. నెలలోగా చెల్లించకపోతే 12 శాతం వడ్డీ, ఆలస్యానికి సరైన కారణం లేకపోతే అసలులో 50 శాతం వరకు జరిమానా కూడా పడుతుంది. ఇక్కడ చూసేది శరీర వైకల్య శాతాన్ని మాత్రమే కాదు, ఆ మనిషి చేసే పనికి కలిగిన నష్టాన్ని. ఎడమ చెయ్యి పోయిన వడ్రంగి ఇక వడ్రంగం చేయలేడు కాబట్టి అది నూటికి నూరు శాతం నష్టమేనని సుప్రీంకోర్టు ఏనాడో చెప్పింది.

అపోహ: నెమ్మదిగా వచ్చిన జబ్బు ప్రమాదం కిందకు రాదు, పైగా గడువు దాటిపోయింది.

వాస్తవం: చట్టం మూడవ షెడ్యూలులో వృత్తి వ్యాధుల జాబితా ఉంది. బెంజీన్, సీసం, పాదరసం, క్రోమియం, మాంగనీస్ వల్ల వచ్చే జబ్బులు అందులో ఉన్నాయి. అలాంటి పనిలో ఆరు నెలలు ఎడతెగకుండా ఉన్నవారికి ఆ జబ్బు వస్తే దానిని ప్రమాదంగానే పరిగణిస్తారు, కాదని నిరూపించవలసింది యజమాని. మాంగనీస్ ధూళి, పొగ ఏళ్ల తరబడి పీల్చినవారికి వణుకు, నడకలో తడబాటు, ముఖంలో కదలిక తగ్గడం వంటి పార్కిన్సన్ లక్షణాలు కనిపిస్తాయి. మన దగ్గర దీన్ని నరాల బలహీనతగా భావించి బలం మందులతో సరిపెట్టుకుంటున్నారు. ఏ పని చేస్తారో చెప్పకపోతే డాక్టరుకు కూడా ఆ అనుమానం రాదు. గడువు మామూలుగా రెండేళ్లు. పని మానేసిన రెండేళ్లలోపు లక్షణాలు బయటపడితే, బయటపడిన రోజు నుంచే లెక్కిస్తారు. తగిన కారణం చూపితే ఆలస్యాన్ని మన్నించే అధికారమూ ఉంది.

అపోహ: ఈఎస్‌ఐ (కార్మికుల రాజ్య బీమా) ఉన్నవారు కూడా కమిషనరు దగ్గర పరిహార దరఖాస్తు వేయవచ్చు.

వాస్తవం: వేయలేరు. ఈఎస్‌ఐ పరిధిలో ఉన్న కార్మికుడు ఈఎస్‌ఐ నుంచే పొందాలి. పని గాయానికి ఇన్నాళ్లు చందా కట్టి ఉండాలన్న షరతు లేదు, చేరిన మొదటి రోజు జరిగినా వర్తిస్తుంది. ప్రమాద నివేదిక పంపారో లేదో కంపెనీని అడిగి తెలుసుకోండి.

అపోహ: ఫ్యాక్టరీ గోడ బయట ఉన్న ఊరివాళ్లకు చట్టం లేదు.

వాస్తవం: 1991 నాటి ప్రజా బాధ్యత బీమా చట్టం కింద, ప్రమాదకర పదార్థం వల్ల హాని పొందిన ఊరివారు ఐదేళ్లలోపు జిల్లా కలెక్టరుకు దరఖాస్తు చేయవచ్చు. తప్పు నిరూపించనవసరం లేదు. పర్యావరణ కేసులు చూసే జాతీయ హరిత ట్రిబ్యునల్‌కు చెన్నైలో ఉన్న దక్షిణ ధర్మాసనం ముందు కూడా ఐదేళ్లలోపు పరిహారం కోరవచ్చు. 2020 మే 7న విశాఖపట్నంలో స్టైరిన్ ఆవిరి లీకైనప్పుడు ట్రిబ్యునల్ తనంత తానుగా కేసు చేపట్టి, మరుసటి రోజే 50 కోట్ల రూపాయలు జమ చేయమని కంపెనీని ఆదేశించింది. ప్రభుత్వం ప్రకటించే ఎక్స్‌గ్రేషియా అందిందని ఈ హక్కులు పోవు.

అపోహ: ప్రమాదం జరిగిన ఊళ్లోనే కేసు నడపాలి, దానికి డబ్బు కావాలి.

వాస్తవం: ఇచ్ఛాపురం, సోంపేట, ఉద్దానం నుంచి చెన్నైకి, గుజరాత్‌కు వలస వెళ్లి అక్కడి కంపెనీల్లో గాయపడినవారు, వారి కుటుంబాలు తాము నివసించే ప్రాంతంలోని కమిషనరు దగ్గరే దరఖాస్తు వేసుకోవచ్చు. ప్రమాదం ఎక్కడ జరిగినా ఫరవాలేదు. పారిశ్రామిక కార్మికులు, మహిళలు, ఎస్సీ, ఎస్టీలు, పారిశ్రామిక విపత్తు బాధితులు ఉచిత న్యాయ సహాయానికి అర్హులు. శ్రీకాకుళం, విజయనగరం జిల్లా న్యాయ సేవాధికార సంస్థల్లో గాని, 15100 నంబరుకు ఫోన్ చేసి గాని న్యాయవాదిని కోరవచ్చు. వెళ్లేటప్పుడు డిశ్చార్జి సమ్మరీ, పీఎఫ్ పాస్‌బుక్, ఆధార్, ప్రమాదం తర్వాత కంపెనీతో జరిగిన సందేశాల కాపీలు తీసుకెళ్లండి. సంతకం పెట్టిన రాజీ కాగితం ఉంటే దాన్ని ఇంట్లో దాచకుండా అది కూడా చూపించండి.