కంపెనీల కార్బన్ లెక్కలు: అపోహలు - వాస్తవాలు

కంపెనీలు గాల్లోకి వదిలే గ్రీన్‌హౌస్ వాయువుల లెక్క కట్టడం, ఆ లెక్క తగ్గేలా చూడటం నా పని. మందుల ఫ్యాక్టరీలు, ఇంజినీరింగ్ యూనిట్లు, ఐటీ ఆఫీసులు ఎక్కడికి వెళ్లినా అవే నాలుగైదు మాటలు ఎదురవుతాయి. వాటిలో కొన్ని తెలియక అనేవి, కొన్ని ఎవరో ప్రెజెంటేషన్‌లో చెప్తే నమ్మేసినవి. ఈ రంగంలోకి కొత్తగా వస్తున్న పిల్లలకూ, తమ కంపెనీలో ఈ బాధ్యత నెత్తిన పడినవాళ్లకూ పనికొస్తుందని ఇది రాస్తున్నాను.

అపోహ: "స్వచ్ఛందమే కదా, ఎలా రాసినా అడిగేవాళ్లు లేరు."

ఉద్గారాలను, అంటే మనం వదిలే ఈ వాయువులను, లెక్కగట్టి తగ్గిస్తామని కంపెనీలు చేరే స్వచ్ఛంద కార్యక్రమాల గురించి ఈ మాట. చేరాలా వద్దా అన్నదే మన ఇష్టం. చేరాక లెక్క ఎలా కట్టాలో మన ఇష్టం కాదు. వరల్డ్ రిసోర్సెస్ ఇన్‌స్టిట్యూట్, వ్యాపార సంస్థల కూటమి డబ్ల్యూబీసీఎస్‌డీ కలిసి 2001లో తెచ్చిన జీహెచ్‌జీ (గ్రీన్‌హౌస్ వాయువుల) ప్రోటోకాల్ అనే లెక్క పద్ధతినే దాదాపు అందరూ పాటిస్తారు. మన బాయిలర్, జనరేటర్, సొంత వాహనాల నుంచి వచ్చేది స్కోప్ 1. కొన్న కరెంటు వల్ల వచ్చేది స్కోప్ 2. ముడిసరుకు, రవాణా, ఉద్యోగుల రాకపోకలు, అమ్మిన సరుకు వాడకం లాంటివి 15 విభాగాలుగా స్కోప్ 3. మన దేశంలో 2013లో మొదలైన ఇండియా జీహెచ్‌జీ ప్రోగ్రామ్ కూడా ఈ పద్ధతినే నేర్పింది.

చేరినంత మాత్రాన తగ్గించినట్టు కాదన్నది కూడా నిజమే. అమెరికా పర్యావరణ సంస్థ ఈపీఏ 2002లో క్లైమేట్ లీడర్స్ అనే స్వచ్ఛంద కార్యక్రమం పెట్టింది. కంపెనీ ముందు తన ఉద్గారాల పట్టిక తయారు చేసుకోవాలి, తర్వాత తగ్గింపు లక్ష్యం ప్రకటించాలి. అక్కడి ప్రభుత్వ ఆడిట్ సంస్థ 2006లో పరిశీలిస్తే, చేరినవాళ్లలో దాదాపు సగం మందే అప్పటికి లక్ష్యం పెట్టుకున్నారని తేలింది. 2011కల్లా ఆ కార్యక్రమాన్ని ఆపేశారు. లెక్క కట్టే పద్ధతుల మీద అది తెచ్చిన గైడ్‌లైన్స్ మాత్రం తర్వాత చాలామందికి పనికొచ్చాయి.

ఇప్పుడు పరిస్థితి మారింది. కంపెనీల తగ్గింపు లక్ష్యాలు వాతావరణ శాస్త్రానికి తగ్గట్టు ఉన్నాయో లేదో చూసే సైన్స్ బేస్డ్ టార్గెట్స్ ఇనిషియేటివ్ 2015లో మొదలైంది. అందులో లక్ష్యం పెడతామని మాట ఇచ్చాక 24 నెలల్లో లక్ష్యాన్ని పరిశీలనకు పంపాలి. నెట్ జీరో (వదిలేదాన్ని వీలైనంత తగ్గించి, మిగిలినంత గాలి నుంచి తీసేయడం) లక్ష్యం పెడతామని చెప్పి గడువులోగా పెట్టని 200కు పైగా కంపెనీల మాటను 2024 మార్చిలో రద్దయినట్టు చూపించారు. అందులో ప్రపంచమంతా తెలిసిన పేర్లున్నాయి. ఇక మన దగ్గర, స్టాక్ మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ అడిగే బీఆర్‌ఎస్‌ఆర్ అనే వార్షిక నివేదిక వల్ల 2022-23 నుంచి మార్కెట్ విలువలో మొదటి 1,000 లిస్టెడ్ కంపెనీలు స్కోప్ 1, 2 అంకెలు చెప్పి తీరాలి. నిన్న స్వచ్ఛందంగా నేర్చుకున్నవాళ్లు ఈ ఫారం నింపేటప్పుడు టెన్షన్ పడలేదు.

అపోహ: "మాకు పొగగొట్టమే లేదు, మాకెక్కడి ఉద్గారాలు?"

ఆఫీసులు, హోటళ్లు, ఆసుపత్రుల్లో ఈ మాట ఎక్కువ. దీని మీద కాస్త ఎక్కువే చెప్తాను. ఎందుకంటే పట్టికల్లో నాకు తరచూ ఖాళీగా కనిపించే గడి ఇదే: ఏసీ గ్యాస్.

ఆర్-410ఏ అనే గ్యాస్ ఒక కిలో గాల్లో కలిస్తే, దాని వేడెక్కించే శక్తి సుమారు 2,000 కిలోల కార్బన్ డయాక్సైడ్‌తో సమానం. ఒక పెద్ద ఆఫీసులో ఏడాదికి 10 కిలోలు లీకైతే 20 టన్నులు. అంత కార్బన్ డయాక్సైడ్ రావాలంటే దాదాపు 7,500 లీటర్ల డీజిల్ కాల్చాలి. డీజిల్ అంత ఖర్చయితే మేనేజర్ ఊరుకోడు, గ్యాస్ పోతే మాత్రం ఎవరికీ తెలియదు. తెలియకపోవడానికి కారణం బిల్లులోనే ఉంది. ఏఎంసీ (ఏడాది మెయింటెనెన్స్ కాంట్రాక్టు) వాళ్లు ఇచ్చే బిల్లు తీసి చూడండి: "గ్యాస్ ఛార్జింగ్ – 1 జాబ్ – ఇంత". ఏ గ్యాసో ఉండదు, ఎన్ని కిలోలో ఉండదు. సిలిండర్‌ను నింపకముందు ఒకసారి, నింపాక ఒకసారి కాటా మీద పెడితే వచ్చే తేడానే మనకు కావలసిన అంకె. ఆ రెండు బరువులు, గ్యాస్ పేరు, మెషీన్ నంబరు బిల్లు మీద రాయకపోతే డబ్బు ఇవ్వబోమని ఏఎంసీ ఒప్పందంలో ఒక వాక్యం చేర్చండి. ఖర్చు లేని పని ఇది. ఒకే మెషీన్‌కు ఏడాదిలో మూడుసార్లు నింపారని కాగితం మీద కనబడితే లీకును పట్టుకుని బాగు చేయించాలన్న ఆలోచన తనంతట అదే వస్తుంది.

పాత మెషీన్లలోని ఆర్-22 విషయం వేరు. అది ఓజోన్ పొరను కాపాడే మాంట్రియల్ ఒప్పందం కిందికి వస్తుంది కాబట్టి స్కోప్‌లలో కలపకుండా విడిగా చూపాలి. విడిగా అంటే వదిలేయమని కాదు. సబ్‌స్టేషన్ బ్రేకర్లలో వాడే ఎస్‌ఎఫ్6 గ్యాస్ అయితే ఇంకా తీవ్రం, దాని వేడెక్కించే శక్తి కార్బన్ డయాక్సైడ్‌కు సుమారు 23 వేల రెట్లు.

అపోహ: "సోలార్ కొంటున్నాం, మా స్కోప్ 2 సున్నా."

స్కోప్ 2కు 2015 నుంచి రెండు అంకెలు ఇవ్వాలి. ఒకటి, మన గ్రిడ్ సగటు ప్రకారం. మన దేశంలో కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ ఏటా ఈ అంకె ప్రకటిస్తుంది, యూనిట్‌కు సుమారు 0.7 కిలోలు. ఏడాదికి 50 లక్షల యూనిట్లు వాడే ప్లాంటుకు 3,500 టన్నులు. రెండోది, మనం ఎవరి దగ్గర ఎలాంటి కరెంటు ఒప్పందం మీద కొన్నామో దాని ప్రకారం. ఓపెన్ యాక్సెస్‌లో (డిస్కం దగ్గర కాకుండా నేరుగా ఉత్పత్తిదారు దగ్గర) సోలార్ కొంటే రెండో అంకె తగ్గుతుంది, మొదటిది తగ్గదు. రెండూ పక్కపక్కన చూపిస్తే చదివేవాళ్లకు విషయం తెలుస్తుంది. తక్కువ ఉన్నదాన్నే పెద్ద అక్షరాల్లో వేసి రెండోదాన్ని దాచడం సరైన పని కాదని నా అభిప్రాయం.

ఇంకో సంగతి. ఆ సోలార్ యూనిట్ల మీద వచ్చిన, అది గ్రీన్ పవర్ అని చెప్పే సర్టిఫికెట్లు ఎవరి దగ్గరున్నాయో తప్పక అడగాలి. వాటిని ఇంకెవరికో అమ్మేసి ఉంటే, ప్యానెళ్లు మన కప్పు మీదే మెరుస్తున్నా ఆ గ్రీన్ పవర్ మనదని చెప్పుకునే హక్కు పోయినట్టే. ఆ యూనిట్లను మళ్లీ మన ఖాతాలో రాసుకుంటే ఒకే తగ్గింపును ఇద్దరు చెప్పుకున్నట్టు అవుతుంది.

అపోహ: "ఊక కాలుస్తున్నాం, బయోమాస్‌కు లెక్కే అక్కర్లేదు."

ఊక, బ్రికెట్ల (పంట వ్యర్థాలను నొక్కి చేసిన ఇంధన దిమ్మెల) నుంచి వచ్చే కార్బన్ డయాక్సైడ్‌ను స్కోప్‌లకు బయట విడిగా రాయాలి. వాటితో పాటు వచ్చే మీథేన్, నైట్రస్ ఆక్సైడ్ మాత్రం స్కోప్ 1లోనే. అంకె చిన్నదే, గడి ఖాళీగా వదలొద్దు. బ్రికెట్లు తెచ్చిన లారీ డీజిల్ స్కోప్ 3లోకి వెళ్తుంది.

అపోహ: "మొక్కలు నాటితే, కార్బన్ క్రెడిట్లు కొంటే సరిపోతుంది."

మొక్కలు నాటడం మంచి పని, నాటండి. కాకపోతే ఏడాదికి లక్ష లీటర్ల డీజిల్ కాల్చే ప్లాంటు ఆ ఏడాదిలోనే దాదాపు 268 టన్నులు వదులుతుంది. మొక్క ఎన్నేళ్లకు చెట్టవుతుంది, ఎన్ని బతుకుతాయి, ఎవరు నీళ్లు పోస్తారు అన్నవి తర్వాత తేలే విషయాలు. అందుకే సైన్స్ బేస్డ్ టార్గెట్స్‌లో సమీప లక్ష్యాలకు క్రెడిట్లు, అంటే ఇంకెక్కడో జరిగిన తగ్గింపును డబ్బిచ్చి కొనుక్కునేవి, లెక్కలోకి తీసుకోరు. సొంత ఉద్గారాలు నిజంగా తగ్గాలి. 2021లో వచ్చిన వాళ్ల నెట్ జీరో ప్రమాణం ప్రకారం చాలా రంగాల కంపెనీలు 2050 లోపు కనీసం 90 శాతం తామే తగ్గించుకుని, మిగిలిన కొద్దిపాటికే కార్బన్‌ను గాలి నుంచి తీసేసే మార్గాలు వాడాలి. ఒక కంపెనీ "కార్బన్ న్యూట్రల్" అని ప్రకటిస్తే నేను ముందు చూసేది, అందులో ఎంత తగ్గించారు, ఎంత కొన్నారు అన్నదే.

అపోహ: "టన్ను సరుకుకు ఉద్గారాలు తగ్గాయి, కాబట్టి మేం తగ్గించాం."

టన్నుకు 20 శాతం తగ్గి, ఉత్పత్తి 50 శాతం పెరిగితే మొత్తం 20 శాతం పెరిగినట్టు. టన్నుకు తగ్గడం ప్లాంటు వాళ్ల నైపుణ్యం, దాన్ని మెచ్చుకోవాలి. వాతావరణానికి లెక్క మాత్రం మొత్తమే. రెండూ రాయండి. అలాగే ఒక యూనిట్‌ను అమ్మేసి, ఆ ఏడాది అంకె పడిపోయిందని సంబరపడొద్దు. అలాంటి పెద్ద మార్పు జరిగినప్పుడు ఆధార సంవత్సరం (తగ్గింపును ఏ ఏడాదితో పోలుస్తామో ఆ ఏడాది) అంకెను కూడా మళ్లీ కట్టాలన్నది ప్రోటోకాల్ నియమం.

అపోహ: "ఇదంతా పెద్ద కంపెనీల గొడవ."

పెద్ద కంపెనీ స్కోప్ 3 అంటే చాలావరకు దానికి సరుకిచ్చే చిన్న కంపెనీల స్కోప్ 1, 2 లే. సైన్స్ బేస్డ్ టార్గెట్స్ నియమం ప్రకారం మొత్తంలో స్కోప్ 3 వాటా 40 శాతం, అంతకు మించి ఉంటే దానికీ లక్ష్యం పెట్టాలి. అందుకే పాశమైలారంలోనో జీడిమెట్లలోనో ఇంటర్మీడియేట్లు (మందుల తయారీలో వాడే మధ్య దశ రసాయనాలు) చేసే యూనిట్‌కు విదేశీ కొనుగోలుదారు నుంచి ప్రశ్నపత్రం వస్తోంది. యూరప్‌కు ఇనుప బోల్టులు పంపేవాళ్లకు అక్కడి సరిహద్దు కార్బన్ నియమం, సీబ్యామ్, 2023 అక్టోబర్‌లో రిపోర్టింగ్‌తో మొదలై 2026 జనవరి నుంచి పూర్తిగా అమల్లోకి వచ్చింది. చిన్న యూనిట్‌కు కావలసింది పెద్ద సాఫ్ట్‌వేర్ కాదు. పన్నెండు నెలల కరెంటు బిల్లులు, స్టోర్స్‌లో డీజిల్, బొగ్గు, ఎల్‌పీజీ రిజిస్టర్లు, ఇందాక చెప్పిన గ్యాస్ బిల్లులు, ఒక ఎక్సెల్ షీట్. డీజిల్ దగ్గర కొన్న లీటర్లు కాకుండా వాడిన లీటర్లు రాయండి: మొదటి నిల్వకు కొన్నది కలిపి, చివరి నిల్వ తీసేయాలి. ఎక్కడైనా అంచనా వేయాల్సి వస్తే, ఎలా వేశారో పక్కన రాస్తే చాలు. రాతపూర్వకంగా ఉన్న అంచనాను ఆడిటర్ ఒప్పుకుంటాడు, ఎక్కడి నుంచి వచ్చిందో తెలియని కచ్చితమైన అంకెను ఒప్పుకోడు.

అపోహ: "తగ్గించాలంటే కోట్లు పెట్టాలి."

కొన్నింటికి పెట్టాలి. బాయిలర్ మార్చడం చిన్న విషయం కాదు. కానీ మొదలుపెట్టేది అక్కడ కాదు, కంప్రెసర్ గదిలో. సెలవు రోజున గాలి వాడే మెషీన్లన్నీ ఆపి కంప్రెసర్ ఒక్కటే నడపండి. ఎవరూ గాలి వాడకపోయినా అది లోడ్ అవుతోందంటే (గాలిని నింపుతోందంటే; నింపకుండా ఊరికే తిరిగితే అన్‌లోడ్) ఆ గాలంతా లీకుల్లో పోతున్నట్టు. రెండు నిమిషాలు లోడ్, ఆరు నిమిషాలు అన్‌లోడ్ అయితే ఎనిమిదిలో రెండు, అంటే పావు వంతు లీకు. 37 కిలోవాట్ల కంప్రెసర్ ఏడాదికి 6,000 గంటలు తిరిగితే ఆ పావు వంతు సుమారు 55 వేల యూనిట్లు. యూనిట్ 8 రూపాయలనుకుంటే 4 లక్షలు దాటుతుంది, ఉద్గారాల్లో దాదాపు 39 టన్నులు. దాన్ని ఆపడానికి కావలసింది సబ్బు నీళ్లు, టెఫ్లాన్ టేపు, కొన్ని కప్లింగులు, ఒక ఫిట్టర్ రెండు రోజుల పని.

ఈ టెస్టు చేసేది కంప్రెసర్ ఆపరేటర్. కానీ ఏడాది చివర వచ్చే రిపోర్టు ఆయన దాకా ఎప్పుడూ వెళ్లదు, బోర్డు రూములోనే ఆగిపోతుంది. నాకు ఈ రంగంలో అన్నిటికంటే బాధ కలిగించే విషయం ఇదే. ఏ గదిలో ఎన్ని యూనిట్లు పోతున్నాయో మెషీన్ దగ్గర నిలబడే మనిషికి తెలిస్తే, ఆయనే దారి చెప్తాడు. కాబట్టి లోడ్, అన్‌లోడ్ సమయాలను తేదీ వేసి, ఆపరేటర్ సంతకంతో కంప్రెసర్ లాగ్‌బుక్‌లో రాయించండి. లీకులు బిగించాక మళ్లీ అదే టెస్టు చేసి, రెండో రీడింగ్‌ను మొదటిదాని పక్కనే రాయించండి. ఆడిటర్ వచ్చినప్పుడు ఆ పేజీని ఆపరేటర్ చేతే చూపించండి.