చూసి వేస్తే మనిషి బొమ్మ వస్తుందా?

1911లో ‘ట్రెజర్ ఐలాండ్’ అనే సముద్రపు దొంగల నవలకు అమెరికన్ చిత్రకారుడు ఎన్.సి. వైయెత్ ఆయిల్ రంగుల్లో వేసిన బొమ్మల్లో ‘ఓల్డ్ ప్యూ’ ఒకటి. వెన్నెల్లో చిరిగిన పైబట్ట కప్పుకుని, కర్రతో దారి తడుముకునే గుడ్డివాడు. మనిషి బొమ్మ నేర్చుకుంటామని వచ్చేవాళ్లకు నేను ముందు ఇచ్చేది ఇదే. ఇవ్వగానే కొన్ని మాటలు వినిపిస్తాయి.

అపోహ: చూసి వేయడం దొంగతనం.

కాదు. పారిస్‌లోని లూవ్ర్ మ్యూజియంలో 1793 నుంచీ చిత్రకారులు అసలు చిత్రం ముందే కూర్చుని నకళ్లు వేస్తున్నారు. నకలు కొలత అసలుతో సమానంగా ఉండకూడదన్నది అక్కడి షరతు. మీరూ కాన్వాస్ వెనక ‘వైయెత్ చిత్రానికి నకలు’ అని రాయండి.

అపోహ: గీత కుదిరితే సగం పని అయినట్టే.

గడులు గీసుకుంటే గీత ఒక్క సాయంత్రంలో దిగుతుంది. మనిషి నేల మీద నిలబడేది మాత్రం వెలుగునీడల వల్ల. ఈ బొమ్మలో భయం ముఖంలో కంటే ఒంటి వంపులోనే ఎక్కువ ఉంది, ఆ వంపును చూపించేది వెన్నెల. అందుకే ముందు అరచేయంత కాగితాల మీద నలుపు, బూడిద, తెలుపు మాత్రమే వాడి పది చిత్తుబొమ్మలు వేయిస్తాను. కళ్లు సగం మూసి చూస్తే వివరాలు పోయి పెద్ద ఆకారాలే మిగులుతాయి. ఆ తర్వాతే కాన్వాస్. టర్పెంటైన్‌తో పలుచన చేసిన బర్న్ట్ అంబర్ (ముదురు గోధుమ రంగు) పూసి, వెలుగు పడేచోట గుడ్డతో తుడిచేయాలి. ఒక్క రంగు కూడా పడకముందే మనిషి లేచి నిలబడతాడు. నాకు ఈ పనిలో అన్నిటికంటే ఇష్టమైన ఘడియ అదే.

అపోహ: చీకటంటే నల్ల ట్యూబు.

నా మొదటి నకల్లో పైబట్టంతా నలుపే పూశాను. కాన్వాస్‌కు చిల్లు పడ్డట్టు కనిపించింది. అల్ట్రామెరీన్ అనే ముదురు నీలంలో బర్న్ట్ అంబర్ కలపండి. అంత చీకటీ వస్తుంది, నీలం పాలు పెంచితే చల్లబడుతుంది, అంబర్ పెంచితే వెచ్చబడుతుంది. నూనె తక్కువున్న పొర కింద, ఎక్కువున్నది పైన ఉండాలి. తిరగేస్తే పగుళ్లే.

అపోహ: పుస్తకం బొమ్మే కదా, చిన్నగా వేస్తే సరిపోతుంది.

అసలు చిత్రం 47 అంగుళాల ఎత్తు, 38 అంగుళాల వెడల్పు. పేజీకి కుదించేసరికి కుంచె జాడలు కలిసిపోయి నున్నగా కనిపిస్తాయి. కనీసం 24 అంగుళాల ఎత్తుతో, వెడల్పాటి కుంచెతో వేయండి.

అపోహ: నకలు అయిపోతే పాఠం అయిపోయినట్టే.

నాది ఆరాక గోడవైపు తిప్పేసి, నాన్నకు పాత దుప్పటి కప్పి, చేతికి కర్ర ఇచ్చి, పక్కన ఒకే బల్బు వెలిగించాను. మోచేతి దగ్గర దుప్పటి ఎందుకు అలా ముడతపడుతుందో, నకలు వేసినన్నాళ్లూ అర్థం కానిది, ఆ రాత్రి తెలిసింది.