ఆన్‌లైన్‌లో ఇంగ్లిష్ సంభాషణ సాధన: అపోహలు - వాస్తవాలు

ఆన్‌లైన్‌లో ఇంగ్లిష్ మాట్లాడటం నేర్పే పనిలో నాకు తరచుగా ఎదురయ్యే నమ్మకాలివి. అభ్యాసకుల కాలాన్ని అన్నిటికంటే ఎక్కువగా మింగేస్తున్నది మొదటిదే.

అపోహ: యాప్‌లో రోజూ పాఠాలు పూర్తిచేస్తూ పోతే మాట్లాడటం దానంతట అదే వస్తుంది.

వాస్తవం: నాలుగు జవాబుల్లో సరైనదాన్ని గుర్తుపట్టడం వేరు, ఎదుటి మనిషి వింటుండగా మాటలు వెతుక్కుని వాక్యం కట్టడం వేరు. కెనడాలో ఇంగ్లిష్ మాతృభాషగా ఉండి, ఏళ్ల తరబడి బడిపాఠాలు ఫ్రెంచిలో విన్న పిల్లలను పరిశీలించి భాషా పరిశోధకురాలు మెరిల్ స్వెయిన్ 1985లో ఈ తేడాను చూపారు. అర్థం చేసుకోవడంలో వాళ్లకు పెద్దగా ఇబ్బంది లేదు. మాట్లాడబోతే మాత్రం వ్యాకరణం తడబడేది. తరగతిలో వాళ్లు సొంతంగా మాట్లాడే అవకాశాలే తక్కువన్నది ఆమె వాదన.

అందుకే నేను వాయిస్ రికార్డింగుల మీద ఎక్కువగా ఆధారపడతాను. భాషాబోధన నిపుణుడు పాల్ నేషన్ రచనల ద్వారా ప్రచారంలోకి వచ్చిన 4-3-2 పద్ధతి వీటికి చక్కగా సరిపోతుంది. ఒకే విషయాన్ని ముందు 4 నిమిషాల్లో, తర్వాత 3, చివరికి 2 నిమిషాల్లో ముగ్గురు వేర్వేరు శ్రోతలకు చెప్పాలి. తన ఉద్యోగం గురించి చెప్పే అభ్యాసకురాలి మొదటి రికార్డింగు వినండి: ప్రతి 'అండ్' తర్వాతా నిశ్శబ్దం, సగంలో వదిలేసి మళ్లీ మొదలుపెట్టిన వాక్యాలు. మూడోసారికి ఏం చెప్పాలో వెతుక్కునే పని ఉండదు కనుక మాట సాగుతుంది. మొదటి, మూడో రికార్డింగులు రెండూ వెంటవెంటనే ఆమెకే వినిపించండి. శ్రోతను మార్చడం మాత్రం మానకండి. విన్నవాళ్లకే మళ్లీ చెప్పమంటే అది పాఠం అప్పగించడమే అవుతుంది.

అపోహ: టెక్స్ట్ చాట్ వట్టి కాలక్షేపం.

వాస్తవం: రిచర్డ్ కెర్న్ 1995లో ప్రచురించిన పరిశోధనలో, ఫ్రెంచి నేర్చుకునే విద్యార్థులు తరగతి చర్చలో కంటే కంప్యూటర్ చాట్‌లో రెండింతలకు పైగా సార్లు పాలుపంచుకున్నారు. దానివల్ల వ్యాకరణం మెరుగుపడుతుందని మాత్రం ఆశించకూడదు. నోరు విప్పడానికి జంకేవాళ్లకు ముందు చాట్ పెట్టి, వెంటనే అదే విషయంపై ఆడియో కాల్ పెట్టండి. కావలసిన మాటలు అప్పటికే సిద్ధంగా ఉంటాయి.

అపోహ: యాప్ ఎర్రగుర్తు పెట్టిందంటే ఉచ్చారణ తప్పే.

వాస్తవం: యాస బలంగా ఉన్నా మాట పూర్తిగా అర్థం కావచ్చునని భాషా పరిశోధకులు మన్రో, డెర్వింగ్ 1995లోనే చూపారు. యంత్రమేమో తాను శిక్షణలో అంతగా వినని యాసను తప్పుగా వినే అవకాశం ఉంది. స్కోరు కోసం ఒకే పదాన్ని పదే పదే పలుకుతూ డీలాపడే వాళ్లను చూస్తే నాకు బాధేస్తుంది. ఆ రికార్డింగును ఒక మనిషికి వినిపించి, విన్నది రాయమనండి. సరిగ్గా రాస్తే ఇక ఆ పదాన్ని వదిలేయండి.

అపోహ: ఇంగ్లిష్ మాతృభాషగా ఉన్నవాళ్లతో మాట్లాడితేనే లాభం.

వాస్తవం: అర్థంకాని చోట ఆగి అడగడం, అదే సంగతిని మరోలా చెప్పడం ఇద్దరు అభ్యాసకులు కలిసినప్పుడే ఎక్కువని పరిశోధకులు వారోనిస్, గాస్ 1985లో గమనించారు. మనకు కావలసింది ఆ అడగడమే. వీడియో కాల్‌లో జోడీకి ఒక బొమ్మ పని ఇవ్వండి: ఒకరు వర్ణించాలి, రెండోవారు విని గీయాలి. స్క్రీన్ షేర్ మాత్రం చేయనివ్వకండి.