అరకులో ఒంట్లో బాగోకపోతే: కొన్ని అపోహలు, కొన్ని వాస్తవాలు

నేను డాక్టర్‌ని కాదు. నర్సుగా మొదలై, ఇప్పుడు అరకులో జబ్బుపడ్డ మనిషిని, బండిని, ఆసుపత్రిలో మంచాన్ని ఒకచోటికి చేర్చే పనిలో ఉన్నాను. పొద్దున గూడెం నుంచి ఆశా కార్యకర్త ఫోన్ చేస్తుంది, మధ్యాహ్నం రిసార్ట్ మేనేజర్ చేస్తాడు. ఇద్దరికీ ముందు చెప్పేది ఒకటే: "సిగ్నల్ ఉన్న చోటే నిలబడండి, అక్కణ్నుంచి కదలొద్దు." ఈ పదకొండేళ్లలో పదేపదే విన్న కొన్ని మాటల గురించి రాస్తున్నాను.

అపోహ: అరకు ఎత్తులో ఉంది కదా, అందుకే ఆయాసం.

అరకు సముద్రమట్టానికి సుమారు 900 మీటర్ల ఎత్తున ఉంది. ఎత్తు వల్ల వచ్చే జబ్బు మామూలుగా 2,500 మీటర్లు దాటాక మొదలవుతుంది. లేహ్ వెళ్లేవాళ్లు భయపడాలి, అరకు వచ్చేవాళ్లు కాదు. ఇక్కడ కళ్లు తిరిగి వాంతులయ్యేది అనంతగిరి ఘాట్ మలుపులకి. కూర్చున్న మనిషికి ఆయాసం వస్తే మాత్రం ఎత్తు మీదికి నెట్టేయకుండా గుండె, ఆస్తమా, రక్తహీనత చూపించుకోవాలి.

అపోహ: పెద్ద కేసైతే ఇక్కడ టైమ్ వేస్ట్, నేరుగా వైజాగ్ వెళ్లిపోవాలి.

నాకు ఎక్కువ టెన్షన్ పెట్టేది ఇదే. వైజాగ్ 115 కిలోమీటర్లు. మ్యాప్‌లో చిన్న దూరమే. పొగమంచులో, లారీల వెనక, వానలో అయితే నాలుగు గంటలు కూడా పడుతుంది.

ఒక డిసెంబరులో యాభై దాటిన ఒకాయన రాత్రి బొంగు చికెన్ తిని పడుకున్నారు. తెల్లవారుజామున ఛాతీ పట్టేసింది. గ్యాస్ అనుకుని ఈనో తాగించారు. తగ్గకపోయేసరికి కారెక్కించి ఘాట్ వైపు తీశారు. లాడ్జిలో పనిచేసే కుర్రాడు నాకు ఫోన్ చేశాడు: "అక్కా, పన్నెండో రూమ్ సారుకి చొక్కా తడిసిపోయింది చెమటకి, వైజాగ్ తీసుకుపోతున్నారు." బైక్ మీద వెంటపడి కారు ఆపించింది కూడా వాడే. ఆయన భార్య ఫోన్‌లో, "ఇక్కడేముందండీ, ఈసీజీ అయినా తీస్తారా?" అన్నారు.

తీస్తారు. అరకు ఆసుపత్రికి వెనక్కి వచ్చిన పది నిమిషాల్లో తీశారు. ఆ ఫొటో వాట్సాప్‌లో విశాఖలోని కార్డియాలజిస్టుకి వెళ్లింది. హార్ట్ ఎటాకే. గుండె రక్తనాళంలో రక్తపు గడ్డని కరిగించే ఇంజెక్షన్ ఇక్కడే ఇచ్చి, ఆ తర్వాతే 108 ఎక్కించారు. స్టెంట్ వేసే ఆసుపత్రికి రెండు గంటల్లో చేర్చలేమనుకున్నప్పుడు, ముందు ఈ ఇంజెక్షన్ ఇచ్చి తర్వాత పంపడమే పద్ధతి. అందరికీ పనికిరాదు. రక్తస్రావం భయం ఉన్నవాళ్లకి ఇవ్వరు, అది డాక్టరు తేల్చాలి. కానీ ఆ సంగతి తేలడానికైనా ముందు ఈసీజీ కావాలి, ఘాట్ రోడ్డు మీద కారులో అది దొరకదు.

ఇందులో నా తప్పు కూడా ఒకటుంది. రిఫరల్ కాగితం మీద ఇంజెక్షన్ ఇచ్చిన టైమ్ రాయలేదు. అక్కడి డ్యూటీ డాక్టరు ఆ టైమ్ కోసం ఫోన్ చేస్తే, అప్పటికి నేను వేరే కేసు మీద సిగ్నల్ లేని గూడెంలో ఉన్నాను. అరగంట పోయింది. మనిషి బాగానే ఉన్నారు, నాకే చాలా రోజులు నిద్ర పట్టలేదు. అప్పట్నుంచి పేషెంట్ ముంజేతికి తెల్ల ప్లాస్టర్ అంటించి, దాని మీద మార్కర్‌తో మందు పేరు, టైమ్ రాస్తున్నాను. కాగితం కారులో సీటు కింద పడిపోతుంది, చెయ్యి ఎక్కడికీ పోదు.

అపోహ: పాము కరిస్తే గట్టిగా కట్టు కట్టి, పాముని కూడా చంపి తేవాలి.

రెండూ వద్దు. గట్టిగా కట్టిన తాడుతో కాలు నల్లబడి వచ్చినవాళ్లని చూశాను. కాలికి బద్ద కట్టి కదలకుండా మోసుకొస్తే చాలు. మన దగ్గరి విరుగుడు మందు నాగుపాము, కట్లపాము, రక్తపింజరి, చిన్నపింజర నాలుగింటికీ కలిపి ఒకటే కాబట్టి పాము శవంతో పని లేదు. ఆసుపత్రిలో శుభ్రమైన గాజు గొట్టంలో కొంచెం రక్తం తీసి 20 నిమిషాలు కదపకుండా ఉంచుతారు, తర్వాత వంచి చూస్తారు. గడ్డ కట్టకుండా నీళ్లలా కారిందంటే పింజర విషం పనిచేస్తున్నట్టు. కట్లపాము విషయం వేరు. రాత్రి నేల మీద పడుకున్నవాళ్లని కరుస్తుంది, గాటు కూడా సరిగ్గా కనబడదు. తెల్లారేసరికి కడుపునొప్పి, రెప్పలు వాలిపోవడం కనిపిస్తే ఇక ఆలస్యం చేయకూడదు.

మరి దిసారి, అంటే గూడెంలో మంత్రం వేసే పెద్దాయన సంగతి? మొదట్లో మంత్రం వద్దని వాదించేదాన్ని. ఆ వాదనకే గంట పోయేది. ఇప్పుడు "మీరూ బండెక్కి రండి మామయ్యా, దారిలో చదవండి" అంటున్నాను. వస్తున్నారు.

అపోహ: చలికాలంలో వెళ్లొచ్చాం, మలేరియా రాదు.

ఏజెన్సీలో మలేరియా పూర్తిగా పోలేదు. దోమ కుట్టిన వెంటనే జ్వరం రాదు, కనీసం వారం, తరచూ పది పదిహేను రోజులు పడుతుంది. వైవాక్స్ రకమైతే నెలల తర్వాత కూడా తిరగబెడుతుంది. అప్పటికి మీరు హైదరాబాద్‌లోనో బెంగళూరులోనో ఉంటారు, అక్కడి డాక్టరుకి అరకు సంగతి తెలియదు. ఆయన అడగకపోయినా మీరే చెప్పండి.

అపోహ: యాక్సిడెంట్ అయినవాణ్ని ఎత్తుకెళ్తే పోలీసు కేసులో ఇరుక్కుంటాం.

ఇరుక్కోరు. 2019లో మోటారు వాహనాల చట్టానికి చేర్చిన 134ఎ సెక్షన్ సాయం చేసినవాళ్లకి రక్షణ ఇస్తుంది. పేరు చెప్పమని బలవంతం చేయకూడదు.

అపోహ: గిరిజనులకి ఆసుపత్రి అంటే భయం, చివరి నిమిషం దాకా రారు.

పేపర్లో డోలీ ఫొటో పడినప్పుడల్లా ఈ మాట వింటాను. కర్రకి దుప్పటి కట్టి మోసేది భయం వల్ల కాదు, బండి వచ్చే దారి లేక. కొన్ని చోట్లకి పక్కన మంచం బిగించిన బైక్ అంబులెన్స్ వెళ్తుంది. వాగు పొంగితే అదీ ఆగిపోతుంది. అందుకే నెలలు నిండుతున్న గర్భిణులు ముందే వచ్చి ఉండేందుకు వసతి గృహాలు పెట్టారు. భోజనం, మంచం, నర్సు అన్నీ ఉంటాయి. అయినా కొందరు రారు.

ఎందుకు రారో తెలియాలంటే వాళ్ల వాకిట్లో కూర్చుని అడగాలి. పోయిన వానాకాలం ఒక అమ్మాయి, మూడో కాన్పు, రక్తం తక్కువ. నేను రక్తం గురించి చెబుతుంటే తను మేకల వైపు చూస్తోంది. పద్నాలుగు మేకలు. భర్త కూలికి వేరే ఊరెళ్లాడు, అత్తకి కళ్లు కనపడవు. ఆశా అక్క, నేను కలిసి పక్కింటి కుర్రాణ్ని మేకలకి ఒప్పించి, చిన్న పిల్లని తల్లితోనే పంపేలా మాట్లాడటానికి రెండు సార్లు వెళ్లాల్సొచ్చింది. రెండోసారి తనే సంచి సర్దుకుని రోడ్డు దాకా నడిచొచ్చింది. మూడో రోజు వసతి గృహం నుంచి ఫోన్. నొప్పులేమో అనుకుని కంగారుగా ఎత్తాను.

"వదినా, ఆ బుడ్డోడు మేకల్ని చీకటి పడకముందే తోలుకొస్తున్నాడా?"