పాట ఆపినా ఆగని వూఫర్

డిక్కీలో కొత్త సబ్‌వూఫర్ (లోతైన బేస్ పలికించే పెద్ద స్పీకర్) బిగించుకున్న కారు విజయవాడ ఆటోనగర్‌లో బయల్దేరి గుంటూరు హైవే ఎక్కిందనుకుందాం. వారధి దాటేదాకా పాటలు అదిరిపోయాయి. మంగళగిరి దగ్గర పిల్లలు నిద్రపోయారని స్టీరియో ఆపేశారు. పాట ఆగింది గానీ, వెనక నుంచి 'గూఁ' అని ఒక మోత మిగిలిపోయింది. ఆక్సిలరేటర్ మీంచి కాలు తీస్తే తగ్గుతుంది, మళ్లీ తొక్కితే ఒక వేగం దగ్గర పెరుగుతుంది. చెవులు దిబ్బడ వేసినట్టుంటుంది. బండిని తిరిగి షాపుకు తీసుకెళ్తే ముందుగా అనుమానం వెళ్లేది ఎర్త్ వైరు మీదికి, తర్వాత అదిరే డిక్కీ రేకు మీదికి, ఆ తర్వాత లూజుగా ఉన్న వూఫర్ బాక్సు మీదికి. ఎర్త్ మార్చి, డ్యాంపింగ్ షీట్లు అంటించి, బాక్సు కింద రబ్బరు వేసి పంపిస్తారు. మోత మాత్రం అలాగే ఉంటుంది.

ఆ కారులో యాక్టివ్ నాయిస్ క్యాన్సిలేషన్ ఉంటే, బిగించినవాడి పనిలో ఏ లోపమూ లేకపోయినా ఇలా జరుగుతుంది. లోపల నిశ్శబ్దం కోసం కంపెనీ పెట్టిన ఏర్పాటే ఆ మోతను పుట్టిస్తుంది. కొత్త వూఫర్ దాన్ని పెద్దది చేసి వినిపిస్తుంది.

ఈ ఏర్పాటు తమ కారులో ఉందన్న సంగతే చాలామందికి తెలియదు. సాధారణంగా దానికి స్విచ్ ఉండదు, డాష్‌బోర్డ్ మీద లైటూ ఉండదు. కనిపెట్టాలంటే తలెత్తి పైకప్పు లైనింగ్ చూడాలి. డోమ్ లైటు పక్కన సన్నని చిల్లులున్న చిన్న జాలీ ఉంటే అది ఫోన్ మాటల మైకు కావచ్చు. వెనక సీటు నెత్తిమీద కూడా అలాంటిదే కనిపిస్తే ఆలోచించాల్సిందే. డ్రైవర్ ఫోన్ మాట్లాడటానికి అక్కడ మైకు అవసరం లేదు కదా. అది ఇంజిన్ హోరు వినడానికి పెట్టిన మైకు కావడానికే ఎక్కువ అవకాశం.

ఇంజిన్ హోరుకు ఒక లెక్క ఉంది. నాలుగు సిలిండర్ల ఇంజిన్‌లో ఒక్కో సిలిండర్ రెండు చుట్లకు ఒకసారి మండుతుంది. నాలుగూ కలిపితే చుట్టుకు రెండు దెబ్బలు. ఆర్‌పీఎం ముల్లు 1500 మీద ఉంటే సెకనుకు 25 చుట్లు, 50 దెబ్బలు. అంటే 50 హెర్ట్జ్ హోరు. ముల్లు 2400కి చేరితే అది 80 హెర్ట్జ్. మూడు సిలిండర్ల ఇంజిన్‌లో 1500 దగ్గర ఇది 37.5 హెర్ట్జ్. సబ్‌వూఫర్ పలికించే శ్రుతులు కూడా సరిగ్గా ఇవే. గొడవంతా ఇక్కడే మొదలవుతుంది.

ఇంత లోతైన శబ్దాన్ని స్పాంజి, ఫెల్టు లాంటివి ఆపలేవు. 50 హెర్ట్జ్ తరంగం పొడవు దాదాపు 7 మీటర్లు. రెండు అంగుళాల మెత్త దానికి అడ్డమే కాదు. బరువైన షీట్లు వేస్తే కొంత తగ్గుతుంది గానీ బండి బరువెక్కి మైలేజీ పడిపోతుంది. అందుకే శబ్దాన్ని శబ్దంతోనే కొట్టే పద్ధతి పట్టుకున్నారు. హోరు తరంగం పైకి లేచే క్షణంలో, స్పీకర్ నుంచి అంతే బలమైన తరంగం కిందికి దిగాలి. రెండూ కలిసి సున్నా కావాలి.

ఈ ఆలోచన చాలా పాతది. పాల్ లూగ్ అనే జర్మన్ శాస్త్రవేత్తకు దీని మీద 1936లోనే అమెరికా పేటెంట్ వచ్చింది. కాగితం మీద సూత్రం నిక్షేపంలా ఉన్నా, అంత వేగంగా లెక్కకట్టే ఎలక్ట్రానిక్స్ అప్పట్లో లేవు. 1960లో బెర్నార్డ్ విడ్రో, టెడ్ హాఫ్ అనే ఇద్దరు, తన తప్పును తానే కొంచెం కొంచెంగా దిద్దుకునే ఒక గణిత పద్ధతిని ఇచ్చారు. ఇవాళ అందరూ ఏఐ అంటూ చెప్పుకునే న్యూరల్ నెట్‌వర్క్‌ల శిక్షణకు కూడా ఆ పద్ధతి దగ్గరి చుట్టమే. 1992లో నిస్సాన్ తన బ్లూబర్డ్ కారులో ఈ శబ్ద నియంత్రణను అమ్మకానికి తెచ్చింది. 2003లో హోండా జపాన్‌లో ఇన్‌స్పైర్ కారుకు దీన్ని పెట్టిన కారణం ఇంకా ఆసక్తికరం. అందులోని ఆరు సిలిండర్ల ఇంజిన్ పెట్రోల్ ఆదా కోసం, పెద్దగా పని లేనప్పుడు మూడు సిలిండర్లను ఆపేస్తుంది. అప్పుడు లోపల మోత పెరుగుతుంది. ఆ మోతను అణచడానికి ఇది కావాల్సి వచ్చింది. దీన్ని సౌఖ్యం కోసం పెట్టిన అలంకారంగా చూడటం పొరపాటని నేను అనేది అందుకే. ఇంజిన్ మైలేజీ లెక్కలో దీనికీ వాటా ఉంది.

పని జరిగే తీరు ఇదీ. ఇంజిన్ ఎంత వేగంతో తిరుగుతోందో మాడ్యూల్‌కు, అంటే ఈ లెక్కలు కట్టే ఎలక్ట్రానిక్ డబ్బాకు, వైరు ద్వారా తెలుస్తుంది. దాన్నిబట్టి ఏ శ్రుతిని అణచాలో లెక్కేసి, తలుపుల్లోని స్పీకర్లకు, కంపెనీ వూఫర్ ఉంటే దానికి కూడా విరుగుడు తరంగం పంపుతుంది. ఇంకా ఎంత హోరు మిగిలిందో పైకప్పు మైకులు విని చెబుతాయి. మాడ్యూల్ మళ్లీ దిద్దుకుంటుంది. ఈ దిద్దుబాటు సెకనులో ఎన్నోసార్లు జరుగుతుంది. అయితే సరిగ్గా దిద్దుకోవాలంటే స్పీకర్‌లో పుట్టిన శబ్దం మైకును ఎంత ఆలస్యంగా, ఎంత బలంతో చేరుతుందో దానికి ముందే తెలిసుండాలి. ఆ దారిని కంపెనీవాళ్లు ఆ మోడల్ కారులోనే కొలిచి మాడ్యూల్‌లో భద్రపరుస్తారు.

మన పక్క కారం దంపేటప్పుడు ఒకే రోట్లో ఇద్దరు రోకళ్లు వేస్తారు. ఒకరిది లేస్తుంటే రెండోవారిది దిగాలి. ఆ వరస తెలియని మూడో మనిషి రోకలి పట్టుకుని మధ్యలో దూరితే రోకళ్లు ఢీకొంటాయి. కొత్త వూఫర్ ఆ మూడో మనిషి. కంపెనీ కొలిచిన దారిలో అది లేదు.

మరి మధ్యలోకి ఎలా దూరింది? స్టీరియో మార్చకుండా వూఫర్ పెట్టేటప్పుడు, వెనక స్పీకర్ వైరు నుంచే సిగ్నల్ తీసుకుని కొత్త యాంప్లిఫయర్‌కు ఇస్తారు. పాట వచ్చేది ఆ వైరులోనే కాబట్టి అది మామూలు పద్ధతే. కానీ విరుగుడు తరంగం కూడా అదే వైరులో ప్రయాణిస్తోంది. యాంప్లిఫయర్‌కు ఏది పాటో, ఏది విరుగుడో తెలియదు. రెండింటినీ కలిపి పెంచి వూఫర్‌కు ఇస్తుంది. హోరుకు సమానంగా ఉండాల్సిన విరుగుడు మూడింతలైందనుకోండి. హోరును మింగేశాక ఇంకా రెండింతలు మిగులుతుంది. ముందున్న హోరుకంటే అదే ఎక్కువ.

బలం సరిపోయినా వేళ తప్పితే ఫలితం అంతే. తరంగపు ఒక పూర్తి ఊపును 360 డిగ్రీలుగా లెక్కపెడతారు. విరుగుడు తన వేళకు 20 డిగ్రీలు తప్పితే హోరులో మూడో వంతు మిగిలిపోతుంది. 60 డిగ్రీలు తప్పితే లాభం సున్నా. అది దాటితే అసలుకంటే ఎక్కువ మోత. 50 హెర్ట్జ్ దగ్గర ఆ 60 డిగ్రీలంటే సుమారు 3.3 మిల్లీసెకన్లే. 90 డిగ్రీలు దాటితే పరిస్థితి ఇంకా చెడుతుంది. మాడ్యూల్ దిద్దుబాటు తలకిందులవుతుంది. హోరు తగ్గిస్తున్నానన్న లెక్కతోనే పెంచుతుంది. పెరిగిన హోరును మైకు విని చెబితే ఇంకా పెంచుతుంది. మోత ఉన్నట్టుండి ఉబ్బడానికి కారణం ఇదే.

ఇప్పుడు యాంప్లిఫయర్ మీదున్న 'లో పాస్' నాబ్ చూడండి. పై శ్రుతులు వూఫర్‌లోకి రాకుండా కోసేది అదే. చాలామంది దాన్ని 80 హెర్ట్జ్ దగ్గర పెడతారు. ఆక్టేవ్‌కు, అంటే శ్రుతి రెట్టింపయ్యే ప్రతి మెట్టుకు, 12 డెసిబెల్స్ చొప్పున కోసే మామూలు ఫిల్టర్ అయితే, 80 హెర్ట్జ్ దగ్గర సిగ్నల్‌ను 90 డిగ్రీలు వెనక్కి నెడుతుంది. 24 డెసిబెల్స్ రకమైతే 180 డిగ్రీలు. ఆ రెండో రకంలో విరుగుడు పూర్తిగా తిరగబడి హోరుకే తోడవుతుంది. ఇక డిజిటల్ ప్రాసెసర్ ఉంటే దాని ఆలస్యం దానిది, గొట్టం పెట్టిన బాక్సు అయితే దాని తిప్పుడు దానిది. తలుపు స్పీకర్లు ఒక వేళకు, వూఫర్ ఇంకో వేళకు పలుకుతుంటే మైకు దగ్గర చేరేది ఆ రెండింటి కలగాపులగం.

బెజవాడ ఎండకు కూడా ఇది చెడిపోతుందేమో అనిపించవచ్చు. గాలి వేడెక్కితే ధ్వని వేగం పెరిగే మాట నిజమే. జనవరి తెల్లవారుజామున 18 డిగ్రీల చలిలో సెకనుకు సుమారు 342 మీటర్లు ఉండేది, మే నెలలో 45 డిగ్రీల ఎండకు 358కి పోతుంది. కానీ స్పీకర్‌కు, మైకుకు మధ్య దూరం మీటరున్నర అనుకుంటే, 60 హెర్ట్జ్ దగ్గర వేళలో వచ్చే తేడా నాలుగైదు డిగ్రీలే. ఆ మాత్రం తేడాను ఏర్పాటు తట్టుకోగలదు. మన ఎండ చేయలేని పాడును ఒక్క ఫిల్టర్ నాబ్ చేసేస్తుంది!

రోగం ఇదేనా కాదా అని తేల్చుకోవడం కష్టమేమీ కాదు. ఖాళీ జాగాలో, గాలి ఆడే చోట బండి నిలిపి, న్యూట్రల్‌లో ఉంచి, హ్యాండ్ బ్రేక్ వేసి, పాట ఆపేయాలి. ఒకరు ఇంజిన్‌ను మెల్లగా 1000 నుంచి 2500 దాకా రేజ్ చేస్తుంటే, ఇంకొకరు డిక్కీలో వూఫర్ కోన్ మీద వేళ్లు ఆనించాలి. పాట లేనప్పుడు కోన్ కదలకూడదు. ఒకచోట వేళ్ల కింద సన్నగా వణికి, ఇంకోచోట ముందుకూ వెనక్కూ స్పష్టంగా కొట్టుకుంటే, విరుగుడు తరంగం అక్కడికి చేరుతున్నట్టే. యాంప్లిఫయర్‌ను ఆన్ చేసే రిమోట్ వైరు పీకగానే మోత పోతే అనుమానం ఇంకా బలపడుతుంది. దాన్ని మళ్లీ తగిలించి, పైనున్న మైకుల కప్లర్లు తీసి చూసినా మోత పోయిందంటే ఇక సందేహం లేదు. అదే సన్నని 'కుయ్' శబ్దం ఇంజిన్‌తో పాటు పెరుగుతుంటే మాత్రం అది ఆల్టర్నేటర్ గోల. దానికి ఎర్త్, వైరింగే చూడాలి.

మందు ఎక్కడ వేయాలంటే, సిగ్నల్ తీసే చోట. కొన్ని కార్లలో విరుగుడు తరంగం స్టీరియో దాటాక, కంపెనీ యాంప్లిఫయర్ దగ్గర కలుస్తుంది. అలాంటి కారులో అది కలవకముందు సిగ్నల్ తీసుకుంటే కొత్త వూఫర్‌కు పాట ఒక్కటే వెళ్తుంది. తలుపు స్పీకర్లు, కంపెనీ వూఫర్ ఉన్నవి ఉన్నట్టే ఉంచితే కొలిచిన దారి మారదు, నిశ్శబ్దమూ నిలుస్తుంది. బేస్ గట్టిగా కొట్టినప్పుడు మైకులు దాన్నీ వింటాయి. పాటలోని శ్రుతి ఇంజిన్ శ్రుతితో కలిసిన ఆ కాసేపు మాడ్యూల్ కొంత తికమక పడవచ్చు. పాట మోగుతున్నప్పుడు అది పెద్దగా తెలియదు. ఏ వైరులో పాట ఒక్కటే వస్తోందో తేల్చుకోవడానికి, కోసేముందే పాట ఆపి, ఇంజిన్ రేజ్ చేసి, ఆ వైరు మీద మల్టీమీటర్‌తో ఏసీ మిల్లీవోల్టులు చూడమని అడగండి. ఆర్‌పీఎంతో పాటు అంకె ఎగిరి పడుతుంటే ఆ వైరును వదిలేసి ఇంకో చోటు వెతకాలి. ఆటోనగర్‌లో మంచి పనితనం ఉన్న ఎలక్ట్రీషియన్‌కు ఇది ఐదు నిమిషాల పని.

స్టీరియోలోనే అంతా కలిసిపోయిన కార్లలో శుభ్రమైన వైరు దొరకదు. అప్పుడు మిగిలేది నాయిస్ క్యాన్సిలేషన్ ఆపేయడం. మాడ్యూల్ విడిగా ఉంటే దాని కప్లర్ తీస్తారు. కానీ కొన్ని బండ్లలో పాట కూడా ఆ డబ్బాలోంచే పోతుంది కాబట్టి, అది తీస్తే స్పీకర్లన్నీ మూగబోతాయి. అలాంటప్పుడు మైకుల కప్లర్లు తీయడమే దారి. చేసేముందు వారంటీ సంగతి సర్వీస్ సెంటర్‌లో కనుక్కోవాలి. ఆపేశాక ఇంజిన్ అసలు హోరు బయటపడుతుంది. మూడు సిలిండర్ల బండిలోనూ, సిలిండర్లు ఆపుకునే ఇంజిన్‌లోనూ, పై గేర్లో తక్కువ ఆర్‌పీఎం మీద పోయేటప్పుడు అది బాగా తెలుస్తుంది. రోజూ విజయవాడ, గుంటూరు మధ్య తిరిగేవారికి నేనైతే ఆపమని చెప్పను. శుభ్రమైన సిగ్నల్ దొరికితేనే వూఫర్ పెట్టించుకోమంటాను. వారానికోసారి ఊళ్లోనే బెంజ్ సర్కిల్ దాకా వెళ్లొచ్చే బండికైతే ఆపినా పెద్ద నష్టం లేదు.

ఏది చేసినా మైకు వైరు కట్ చేయనివ్వకండి. కప్లర్ తీసి, టేప్ చుట్టి, లైనింగ్ వెనకే కట్టించండి. రేపు వూఫర్ తీసేసినా, బండి అమ్మేసినా, ఆ కప్లర్ మళ్లీ తగిలిస్తే చాలు.