రీఫ్ ట్యాంకులో ఫ్లాట్‌వర్మ్‌లు: నట్టల మందు పోసేముందు ఒకసారి ఆగండి

రీఫ్ ట్యాంకంటే పగడాలు పెంచే ఉప్పునీటి అక్వేరియం. అందులో చేరే చదునైన చిన్న పురుగులే ఫ్లాట్‌వర్మ్‌లు.

అపోహ: నల్గొండ బోరు నీళ్లు పోస్తే ఈ పురుగులు పుడతాయి.

పుట్టవు. గప్పీల ట్యాంకులో అద్దం మీద పాకే తెల్ల ప్లనేరియా మంచినీటి జీవి. రీఫ్ ట్యాంకులో తుప్పు మరకలా పరుచుకునేది సముద్రపు జీవి, మంచినీళ్లలో పడితే చస్తుంది. అది లైవ్ రాక్‌తోనో (జీవులు పట్టిన సముద్రపు రాయి), పగడపు ముక్క అతికించిన ప్లగ్గుతోనో, నాచుతోనో ఇంటికొస్తుంది. ఫ్లోరైడ్‌నూ ఇందులోకి లాగొద్దు. సముద్రపు నీళ్లలోనే లీటరుకు సుమారు 1.3 మిల్లీగ్రాముల ఫ్లోరైడ్ ఉంటుంది.

బోరు నీళ్ల నష్టం వేరే. ఆవిరైనంత మేరా రోజూ అవే పోస్తుంటే నైట్రేటు, ఇతర లవణాలు పేరుకుపోతాయి, వచ్చిన నాలుగు పురుగులు నాలుగు వేలవుతాయి. ఆర్‌ఓ తర్వాత, మిగిలిన లవణాలను పట్టే డీఐ రెసిన్ పెట్టి, కరిగిన లవణాలను కొలిచే టీడీఎస్ మీటరు 0 చూపించే నీళ్లే వాడాలి. వంటింటి ఆర్‌ఓ చాలదు. చాలా మోడళ్లలో రుచి కోసం కొంత ముడినీటిని మళ్లీ కలుపుతారు.

అపోహ: అన్నీ ఒకటే పురుగు, అన్నిటికీ ఒకటే మందు.

తుప్పు ఎరుపు రంగు, కొన్ని మిల్లీమీటర్ల పొడవు, తోక కొసన మూడు మొనలు ఉంటే కన్వల్యూట్రిలోబా. పగడాన్ని కొరకదు, మీద పరుచుకుని వెలుతురు ఆపేస్తుంది. లైటు బాగా తగిలి, నీటి కదలిక లేని చోట గుంపు కడుతుంది. మష్రూమ్, లెదర్ పగడాల మీదే అంటుకుని ఉండే గోధుమ రంగు చిన్న బిళ్లలైతే వామినోవా కావచ్చు. అద్దం మీద గెంతుతూ కదిలే తెల్ల చుక్కలు పురుగులే కావు, కోపీపాడ్‌లు. చేపలకు మేత, వదిలేయండి.

అసలు ప్రమాదం అక్రోపోరాను (కొమ్మల్లా పెరిగే రాతి పగడం) తినే అమాకుసాప్లానా అనే ఫ్లాట్‌వర్మ్. పగడం రంగులోనే కలిసిపోతుంది కాబట్టి పురుగు కోసం కాదు, కాట్ల కోసం వెతకాలి. గుండ్రంగా వెలిసిన చిన్న మచ్చలు, కొమ్మ మొదట్లో చచ్చిన భాగం మీద తేనె రంగు గుడ్లు దాని ఆనవాళ్లు. పెద్ద సిరంజితో నీళ్లు గట్టిగా కొడితే పురుగు ఊడి వస్తుంది. ఇంకో మాట, అక్రోపోరా సహా రాతి పగడాలన్నీ వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972 షెడ్యూల్ 1లో ఉన్నాయి. కాగితాల్లేకుండా అమ్మేది కొంటే వచ్చే తలనొప్పి ముందు పురుగెంత!

అపోహ: గొర్రెలకు తాపే నట్టల మందు రెండు చుక్కలేస్తే సరి.

ఆ మందుల్లో ఉండే లెవామిసోల్ ఈ ఎర్ర పురుగులను చంపుతుంది, అబద్ధం కాదు. చిక్కంతా సీసాలో ఉంది. పశువుల మందుల షాపులో దొరికే వాటిలో చాలావరకు లెవామిసోల్‌కు ఆక్సిక్లోజనైడ్ కలిపినవి. గొర్రె బరువుకు కట్టిన లెక్క ట్యాంకుకు పనికిరాదు. ఫెన్‌బెండజోల్ అనే ఇంకో నట్టల మందైతే నత్తలనూ, గ్రీన్ స్టార్ పాలిప్స్ అనే మెత్తటి పగడాన్నీ దెబ్బతీస్తుంది. రీఫ్ కోసమే చేసిన ఫ్లాట్‌వర్మ్ ఎగ్జిట్ లాంటిది తీసుకుని, లేబుల్ మీది మోతాదే పాటించండి.

అయితే ట్యాంకును ముంచేది చాలాసార్లు మందు కాదు. వేల పురుగులు ఒకేసారి చచ్చి వదిలే విషం. అందుకే ముందు సంఖ్య తగ్గించాలి. నాలుగైదు రోజులు, లైట్లు బాగా వెలుగుతున్నప్పుడు, సన్నటి ఎయిర్ పైపుతో లాగేయండి. పైపు రెండో కొస సంప్‌లోని ఫిల్టర్ సంచిలో ఉంటే నీళ్లు వృథా కావు. సంప్ అంటే ఇంటి ముందు సంపు కాదు, ట్యాంకు కింది అర. అద్దానికి రుద్ది చిదమొద్దు, తెగిన ముక్క మళ్లీ పురుగవుతుంది.

తర్వాత నీళ్ల లెక్క. 120 సెంటీమీటర్ల పొడవు, 45 వెడల్పు, 45 ఎత్తున నీళ్లుంటే 243 లీటర్లు. రాళ్లు, ఇసుకకు 15 శాతం తీసేస్తే సుమారు 206. సంప్‌లో 50 ఉంటే మొత్తం 256. కంటిచూపుతో 300 అనుకుని వేస్తే మోతాదు మించుతుంది.

మందు పొద్దున్నే వేయండి. మే నెల మధ్యాహ్నం వేడెక్కిన నీళ్లలో ఆక్సిజన్ తక్కువ, పైగా కరెంటు పోతే అంతే సంగతులు. బ్యాటరీ ఎయిర్ పంపు పక్కనే ఉండాలి. మందును పీల్చేసే యాక్టివేటెడ్ కార్బన్ ఒక గ్లాసు కడిగి సిద్ధంగా ఉంచాలి, 60 లీటర్ల ఉప్పునీళ్లు ముందురోజే కలపాలి. స్కిమ్మర్ (నురగతో మలినాలు తీసే యంత్రం), యూవీ లైటు ఆపి, పాత కార్బన్ తీసేసి మందు వేస్తే, పురుగులు ముడుచుకుని తేలతాయి. తేలినవి తేలినట్టే లాగేయండి. గంట తర్వాత నీళ్లు మార్చి కార్బన్ పెట్టండి. చేపలు పైకొచ్చి నోరు తెరుస్తుంటే గంట కోసం చూడొద్దు, అప్పుడే పెట్టేయండి. వారానికి మళ్లీ ఒకసారి వేస్తే మిగిలినవి దొరుకుతాయి.

అపోహ: కొత్త పగడాన్ని డిప్‌లో (పురుగులు రాల్చే మందునీళ్లు) ముంచి వేస్తే భయం లేదు.

డిప్ పురుగును రాలుస్తుంది, గుడ్డును కాదు. అక్రోపోరా అయితే ప్లగ్గు, చచ్చిన మొదలు కత్తిరించి పారేసి, విడి తొట్టిలో ఆరు వారాలుంచి వారం వారం డిప్ చేయాలి. నీళ్లు వేడెక్కేకొద్దీ గుడ్లు తొందరగా పగులుతాయి, ఎండాకాలం వారం తప్పొద్దు. జోవాంథిడ్‌లను (గుంపుగా పెరిగే, పువ్వుల్లాంటి మెత్తటి పాలిప్‌లు) ట్యాంకంత వేడి ఉన్న ఆర్‌ఓ నీళ్లలో ఒక నిమిషం ఆడించొచ్చు, కానీ చేతికి గ్లవ్స్ తప్పనిసరి, కొన్నిటిలో పాలిటాక్సిన్ అనే విషం ఉంటుంది.

అపోహ: సిక్స్‌లైన్ రాస్ చేపను వేస్తే పురుగులన్నిటినీ ఊడ్చేస్తుంది.

తింటే తింటుంది, లేదంటే పెల్లెట్లు మరిగి కొత్త చేపల వెంటపడుతుంది. నీలి వెల్వెట్ స్లగ్ (గుల్ల లేని సముద్రపు నత్త) మాత్రం ఈ ఎర్ర పురుగులనే తింటుంది. దాన్ని వేసేముందు పవర్‌హెడ్ (నీళ్లు కదిలించే పంపు) మూతికి స్పాంజి కట్టండి, లేకపోతే లోపలికి లాగేసుకుంటుంది. పురుగులు అయిపోయాక ఇంకోటి తినదు, ఆకలితో చస్తుంది. పురుగులున్న ఇంకో ట్యాంకు ఎవరిదో ముందే చూసి పెట్టుకోండి.