ఏజెన్సీలో ఆడ సర్పంచ్‌లు: అపోహలు - వాస్తవాలు

ఏజెన్సీ మండలాల్లో కొత్తగా గెలిచిన సర్పంచ్‌లకి ట్రైనింగ్ ఇవ్వడం నా పని. ఆదివాసీ ఆడ సర్పంచ్‌ల గురించి బ్యాచ్ మారినా అవే మాటలు వింటున్నా, అందుకే రాస్తున్నా.

అపోహ: పేరుకే ఆవిడ, నడిపేదంతా మొగుడే.

వాస్తవం: కొన్నిచోట్ల అలాగే జరుగుతోంది, కాదనను. కానీ చేతకాక కాదండీ. ఒక బ్యాచ్‌లో కోయ సర్పంచ్ ఒకావిడ ఒళ్లో పిల్లాడితో వెనక బెంచీలో కూర్చుని రెండు రోజులు నోరు విప్పలేదు, భర్తేమో ముందు వరసలో, పేమెంట్లకి వాడే ఆమె డిజిటల్ కీ ఆయన చొక్కా జేబులో. మూడో రోజు భర్తలందర్నీ బయట కూర్చోమని, కోయ వచ్చిన టీచరమ్మని పక్కన పెట్టుకుని మళ్లీ మొదలుపెట్టాం. ఆవిడ అడిగిన మొదటి ప్రశ్న, "మా బోరింగు ఒక్కసారే చెడింది, బిల్లు మూడుసార్లు ఎందుకు పెట్టారు?" అని. అన్నీ గమనిస్తూనే ఉంది పాపం, మేమే ఆమెకి రాని భాషలో రెండు రోజులు పాఠం చెప్పాం. ఆ తప్పు మాది.

అపోహ: రిజర్వేషన్ కాబట్టి ఊరికే వచ్చేసింది.

వాస్తవం: 1996 పీసా చట్టం (ఆదివాసీ ప్రాంతాల పంచాయతీల చట్టం) ప్రకారం షెడ్యూల్డ్ ఏరియాలో, అంటే మన ఏజెన్సీలో, సర్పంచ్ పదవులన్నీ ఎస్టీలవే, ఆంధ్రాలోనూ తెలంగాణలోనూ సగం ఆడవాళ్లకి. సీటు రిజర్వ్ అయితే గెలుపు రిజర్వ్ అయినట్టు కాదు కదా, ఇంటింటికీ తిరిగి ఓట్లడగాల్సిందే. ద్రౌపది ముర్ము గారు 1997లో ఒడిశా రాయ్‌రంగ్‌పూర్‌లో కౌన్సిలర్, 2022లో రాష్ట్రపతి. మన ములుగు సీతక్క కోయ ఆడబిడ్డ, 2023లో తెలంగాణ పంచాయతీరాజ్ మంత్రి అయింది.

అపోహ: ఏజెన్సీ సర్పంచ్‌కి పవరేముంది, చూపించిన చోట సంతకం పెట్టడమేగా.

వాస్తవం: ఇదే అన్నిటికన్నా ఎక్కువ నష్టం చేస్తోంది. పీసా ప్రకారం పథకాల లబ్ధిదారుల్ని ఎంపిక చేసేది గ్రామసభ, పంచాయతీ పెట్టిన ఖర్చుకి సర్టిఫికెట్ ఇవ్వాల్సిందీ గ్రామసభే, ఇసుక, రాయి లాంటివాటి లీజుకైతే గ్రామసభో పంచాయతీనో ముందు సిఫార్సు చెయ్యాల్సిందే. ఇంత పవరూ చివరికి తీర్మానాల పుస్తకంలో ఒక పేజీ మీదకి వస్తుంది, ఆ పేజీ ఖాళీగా ఉండగానే సర్పంచ్ సంతకం తీసుకుంటే అంతా పోయినట్టే. అందుకే ఆఖరి రోజు ఒక్క మాట ప్రాక్టీస్ చేయిస్తాం: "ముందు రాయండి, చదివి వినిపించండి, తర్వాత పెడతా." కోయలో, కువిలో, సవరలో, ఎవరి భాషలో వాళ్లు, నిలబడి, గట్టిగా.